రేచెల్ కార్సన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆలిఘనీ నది యొడ్డున స్ప్రింగ్‌డేల్ అను చిన్న పట్టణము కలదు. 1907వ సంవత్సరము మే నెల 27వ తేదీన ఆ యూరి కొండవాలుపై నున్న ఒక చిన్న యింటిలో రేచెల్ కార్సన్ జన్మించెను. తండ్రి రాబర్టు కార్సన్, తల్లి మరియా. వారి ముగ్గురు బిడ్డలలో రేచెల్ కడగొట్టుది. ఆమెకు ముందు ఒక అక్కయు, ఒక అన్నయు కలరు. ఆ కుటుంబమునకు 65 ఎకరముల నేల యుండెను గాని, చేతిలో రొక్క మాడుట అరుదు.

తల్లి మరియా పెండ్లికి పూర్వము బడిపంతులమ్మగా పనిచేసినది. ఆమెకు పుస్తకములన్నను, చెట్టుచేమలన్నను, పశుపక్ష్యాదులన్నను మిక్కిలి ప్రీతి. ఇంటిలో దూఱిన పురుగును సైతము చంపక, మెల్లగా పట్టి బయట విడిచిపెట్టెడిది. చిన్ననాట రేచెల్ తల్లి చేయి పట్టుకొని ఆ కొండవాలు లన్నియు తిరిగెను. ఏ పిట్ట ఎక్కడ గూడు కట్టునో, ఏ పువ్వు ఏ ఋతువున పూయునో ఆమెకు బడికంటె ముందు ఆ తోటయే నేర్పెను. ఇంటికి దూరముగా ఊరిలో జిగురు కర్మాగారము పొగలు క్రక్కుచుండెడిది. దాని దుర్గంధము గాలిలో తేలివచ్చి యా పచ్చని కొండవఱకును సోకుచుండెడిది.

అక్షరములు వచ్చినది మొదలుకొని రేచెల్ కథలు వ్రాయుచుండెను. ఆ కాలమున అమెరికాలో పిల్లల కొఱకు సెయింట్ నికొలస్ అను మాసపత్రిక వెలువడుచుండెడిది. అందు పిల్లలు వ్రాసిన రచనలకు ప్రత్యేకముగా కొన్ని పుటలు కేటాయింపబడి యుండెను. మొదటి ప్రపంచయుద్ధమున విమానదళములో నున్న అన్న ఉత్తరములలో వ్రాసిన సంగతులను ఆధారము చేసికొని, రేచెల్ ఒక వైమానికుని కథ వ్రాసి యా పత్రికకు పంపెను. 1918లో అది అచ్చయినది. వెండి పతకమును లభించెను. అప్పటి కామెకు పదునొకండేండ్లు. సముద్రమునకు వందల మైళ్ళ దూరమున పెరుగుచున్న యా బాలికకు సముద్రమన్న ఏమో వింత మోహము. చూడని సముద్రమును గూర్చి పుస్తకములలో చదివి తృప్తి పడుచుండెను.

1925లో ఆమె పిట్స్‌బర్గు నగరమున స్త్రీల కళాశాలలో చేరెను. చదువునకు డబ్బు చాలక తల్లిదండ్రులు నేలలో కొంత అమ్మజూపిరి. తల్లి ఇంటిలోని పింగాణి సామగ్రియు అమ్మెను. పిల్లలకు పియానో పాఠములు చెప్పెను. రచయిత్రి కావలె నను కోరికతో రేచెల్ మొదట ఆంగ్ల సాహిత్యమును ఎంచుకొన్నది. కాని ఆ కళాశాలలో మేరీ స్కాట్ స్కింకర్ అను అధ్యాపకురాలు జీవశాస్త్రము బోధించుచుండెను. ఆమె పాఠములు విన్న తరువాత రేచెల్ మనసు మాఱెను. మూడవ సంవత్సరమున సాహిత్యమును విడిచి జీవశాస్త్రమును గైకొన్నది. స్త్రీకి శాస్త్రపరిశోధనలో బ్రతుకుదెరువు లేదని తెలిసినవారెల్ల వారించిరి. సాహిత్యమును చేయి జార్చుకొంటినని ఆమెయు కొంతకాలము చింతించెను. రెండు విద్యలును ఒకనాడు ఒకే కలమున కలియు నని అప్పు డెవ్వరును ఊహింపలేదు.

1929లో పట్టము పుచ్చుకొన్న వేసవిలో ఆమె మాసచూసెట్స్ తీరమున వుడ్స్ హోల్ అను చోట గల సముద్ర జీవశాస్త్ర పరిశోధనాలయమునకు వెళ్ళెను. ఇరువదిరెండవ యేట తొలిసారిగా సముద్రమును కన్నులార చూచినది. అటనుండి బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున చేరి, జెల్లజాతి చేపయొక్క పిండదశలో మూత్రపిండ మేర్పడు తీరును పరిశోధించి, 1932లో ఎం.ఏ. పట్టము పొందెను. డాక్టరు పట్టమునకై చదువు సాగింపదలచెను గాని ఆర్థికమాంద్యపు రోజు లవి. తల్లిదండ్రులును ఆమె చెంతకే వచ్చి చేరియుండిరి. 1934లో చదువు మానుకొనవలసి వచ్చెను. మఱుసటి యేడు తండ్రి మరణించెను.

కుటుంబభారమంతయు ఆమెపై బడెను. వాషింగ్టనులో ప్రభుత్వ మత్స్యశాఖవారు రేడియోలో సముద్రజీవులను గూర్చి ఏడేసి నిమిషముల ప్రసంగములు ఇప్పించుచుండిరి. శాస్త్రజ్ఞులు వ్రాసినచో వినువారికి నిద్ర వచ్చుచుండెను. పత్రికారచయితలు వ్రాసినచో శాస్త్రము తప్పుచుండెను. ఆ పని రేచెల్ కప్పగింపగా ఆమె రెండును చెడకుండ నెఱవేర్చెను. 1936లో ప్రభుత్వోద్యోగ పరీక్ష వ్రాసి, పోటీచేసినవారందఱి కంటె నెక్కువ మార్కులు సంపాదించి, ఆ శాఖలోనే జలజీవ శాస్త్రజ్ఞురాలుగా ప్రవేశించెను. శాఖ ప్రకటించు చిన్న పుస్తకమునకు పీఠిక వ్రాయుమని పై యధికారి యామెను కోరెను. ఆమె వ్రాసి యిచ్చిన దానిని ఆయన చదివి, ఇది ప్రభుత్వ కరపత్రమునకు తగదనియు, అట్లాంటిక్ మంథ్లీ వంటి గొప్ప పత్రికకు పంపవలసిన దనియు చెప్పి, కరపత్రమునకు మఱియొక పీఠిక వ్రాయుమనెను. 1937 సెప్టెంబరులో ఆ వ్యాసము ఆ పత్రికలోనే అచ్చయినది.

అదే సంవత్సరమున అక్క మేరియన్ ఇద్దఱు కుమార్తెలను విడిచి కన్నుమూసెను. రేచెలును, ముదుసలి తల్లియు ఆ బాలికలను పెంచిరి. పగలు కార్యాలయము, రాత్రి రచన, నడుమ ఇంటిపని. ఇట్లు సాగెను ఆమె జీవితము. ఆమె వివాహము చేసికొనలేదు.

1941 నవంబరులో సముద్రపు గాలి క్రింద బ్రదుకు జీవులను గూర్చిన ఆమె మొదటి గ్రంథము వెలువడెను. కొద్ది వారములకే పెరల్ హార్బరుపై బాంబులు పడినవి. అమెరికా యుద్ధమున దిగెను. చేపల కథలు చదువు తీరిక ఎవ్వరికిని లేకపోయెను. రెండువేల ప్రతులైన అమ్ముడుపోలేదు. ఆమె ఖేదపడెను గాని కలము విడువలేదు. పది యేండ్ల పిమ్మట, 1951లో, సముద్రముయొక్క పుట్టుక, లోతులు, అలలు, ఆటుపోటులు వీనినెల్ల వర్ణించు రెండవ గ్రంథము ప్రకటించెను. అది 86 వారములపాటు అత్యధికముగా అమ్ముడుపోవు పుస్తకముల పట్టికలో నిలిచెను. 1952లో జాతీయ గ్రంథ పురస్కారమును పొందెను. ఆ డబ్బుతో ఆమె ఉద్యోగమునకు స్వస్తి చెప్పి, మెయిన్ రాష్ట్రపు సముద్రతీరమున ఒక చిన్న కుటీరము కట్టుకొన్నది. మోకాలిలోతు చల్లని నీటిలో నిలిచి, రాళ్ళ సందులలోని గుల్లలను, పీతలను గంటల తరబడి చూచుచు, 1955లో సముద్రతీరమును గూర్చి మూడవ గ్రంథము వ్రాసెను.

కీర్తియు వచ్చినది, బ్రతుకుదెరువునకును లోటు లేకపోయెను. ఆ కుటీరమున హాయిగా కూర్చుండి జీవితశేషము గడపియుండవచ్చును. కాని అట్లు జరుగలేదు.

ఇచట డి.డి.టి. అను మందును గూర్చి కొంత తెలిసికొనవలెను. ఈ రసాయన పదార్థము పురుగులను చంపునని 1939లో స్విట్జర్లాండు దేశీయుడు పాల్ ముల్లరు కనుగొనెను. యుద్ధకాలమున ఇటలీలోని నేపుల్సు నగరములో పేల వలన వ్యాపించిన టైఫసు జ్వరమును ఈ పొడి అణచివేసెను. మలేరియా దోమలను చంపి అసంఖ్యాకుల ప్రాణములు కాచెను. ముల్లరునకు 1948లో నోబెలు బహుమాన మిచ్చిరి. మన దేశమునందును 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమ మారంభమై, పల్లెపల్లెను ఇండ్ల గోడలపై ఈ మందు చల్లబడెను. ఏటేట ఏడున్నర కోట్ల మందిని పీడించుచుండిన యా జ్వరము 1965 నాటికి లక్ష మందికి దిగెను. ఇది సామాన్యమైన మేలు కాదు. దీనిని మఱచి రేచెల్ కథను చెప్పుట న్యాయము కాదు.

చిక్కు ఎచ్చట వచ్చినదనగా, యుద్ధము ముగిసిన తరువాత అమెరికాలో ఈ మందును, దీనికి చుట్టములైన మఱికొన్ని మందులను విమానములలో నింపి, పొలములు, అడవులు, చెఱువులు, ఊళ్ళు అను భేదము లేక వానవలె కురిపింపసాగిరి. ఆకులను మేయు గొంగళిపురుగుల కొఱకు లక్షల ఎకరములపై చల్లిరి. దక్షిణ రాష్ట్రములలో కఱచినచోట నిప్పువలె మండించు ఒకజాతి చీమల నిర్మూలనకై రెండుకోట్ల ఎకరములపై డి.డి.టి. కంటె తీక్ష్ణమైన మందులు చల్ల నిశ్చయించిరి. పాలు పితుకు ఆవులపైనను, బడికి పోవు పిల్లలపైనను ఆ జల్లు పడెను. అడుగువా రెవ్వరును లేరు. 1957లో న్యూయార్కు చెంత లాంగ్ ఐలండు నివాసులు కొందఱు దీనిని ఆపుమని న్యాయస్థానమున కెక్కిరి గాని వారికి జయము కలుగలేదు.

1958 జనవరిలో మాసచూసెట్స్ నుండి రేచెలునకు ఒక స్నేహితురాలి ఉత్తరము వచ్చెను. దోమలను చంపుటకై ప్రభుత్వ విమానము తమ తోటపై మందు చల్లి పోయినదనియు, మఱునాడు తోటలోని పిట్టలు నోళ్ళు తెఱచి, కాళ్ళు బిగదీసి చచ్చి పడియున్నవనియు అందున్నది. ఈ విషయము రేచెలునకు క్రొత్తది కాదు. ఆమె 1945లోనే డి.డి.టి. పరీక్షలను గూర్చి వ్యాసము వ్రాసెద నని ఒక పత్రికవారిని అడుగగా వారు వలదనిరి. ఇప్పుడును ఆమె తనకంటె సమర్థుడైన వేఱొక రచయిత దీనిని చేపట్టిన బాగుండునని తలచి, ఈ.బి. వైటు అను ప్రసిద్ధ రచయితకు వ్రాసెను. ఆయన ఆ పని ఆమెయే చేయదగినదని బదులు వ్రాసెను. ఆమె పూనుకొన్నది.

ఒక సంవత్సరములో చిన్న పుస్తకముగా ముగింపవచ్చు నని ఆమె అంచనా. నాలుగు సంవత్సరములు పట్టెను. దేశదేశములనుండి పరిశోధన వ్యాసములను తెప్పించి చదివెను. జీవశాస్త్రజ్ఞులకు, వైద్యులకు, రసాయనజ్ఞులకు వందల కొలది ఉత్తరములు వ్రాసెను. ప్రభుత్వోద్యోగములో నుండి సత్యము తెలిసియు నోరు మెదపలేనివారు ఆమెకు గుట్టుగా కాగితములు అందించిరి. ఏ మాటకు ఏది ఆధారమో విడువక వ్రాసికొన్నది. గ్రంథము చివర ఆ యాధారముల పట్టికయే 55 పుటలు నిండెను.

ఆమె ప్రోగుచేసిన వృత్తాంతములలో కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అను సరస్సు కథ ముఖ్యమైనది. ఆ సరస్సుపై దోమవంటి చిన్న యీగ లుండెను. అవి కుట్టవు, అయినను గుంపులు గుంపులుగా లేచి చేపలు పట్టవచ్చిన విహారులకు చీకాకు కలిగించుచుండెను. వానిని చంపుటకు 1949లో డి.డి.టి.కి చెల్లెలివంటి డి.డి.డి. అను మందును సరస్సులో కలిపిరి. ఏడుకోట్ల పాళ్ళ నీటికి ఒక్క పాలు మాత్రమే కలిపిరి గాన ఎవ్వరికిని భయము లేకుండెను. ఈగలు తిరిగి రాగా 1954లోను, 1957లోను మఱల కలిపిరి. అటుపిమ్మట సరస్సున గూళ్ళు కట్టుకొను గ్రీబ్ అను అందమైన నీటిపక్షులు చావసాగెను. రోగమేమో అని వెదకిరి, రోగము కనబడలేదు. ఒకడు ఆ పక్షి కొవ్వును పరీక్షింపగా, పదిలక్షల పాళ్ళలో 1,600 పాళ్ళ విషము బయటపడెను. నీటిలో అంత విషము లేదే, పక్షిలోని కెట్లు వచ్చె నని శాస్త్రజ్ఞులు విస్తుపోయిరి.

వచ్చిన దారి యిది. ఆ మందు నీటిలో కరగునది కాదు, కొవ్వులో కరగును. త్వరగా చెడునదియు కాదు. నీటిలోని కంటికి కనబడని నాచును, సూక్ష్మజీవులను వెదకగా వానిలో పదిలక్షలకు 5 పాళ్ళ చొప్పున నుండెను. ఆ నాచును తిను చేపలలో అది 40 మొదలు 300 వఱకు పెరిగెను. చేపలను తిను చేపలలో మఱింత హెచ్చెను. ఒక జెల్లచేపలో 2,500 పాళ్ళు కనుపించెను. ఒక్కొక్క మెట్టెక్కిన కొలది విషము చిక్కబడినది. మొదట వేయికి పైగా నుండిన పక్షుల జంటలు 1960 నాటికి ముప్పదియే మిగిలెను. నీటిని పరీక్షించినచో విష మించుకయు కానరాదు. అది యెల్ల ప్రాణులలోనికే ప్రవేశించియుండెను.

మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ ప్రాంగణమున జరిగినది ఇంకొక వింత. అచట ఎల్మ్ చెట్లకు తెగులు తగిలెను. తెగులును మోయు పురుగును చంపుటకు 1954 నుండి చెట్లపై డి.డి.టి. చల్లిరి. ఆకు రాలినది. రాలిన ఆకును వానపాములు తిన్నవి. చావలేదు గాని విషమును ఒంట దాచుకొన్నవి. మఱుసటి వసంతమున రాబిన్ అను పిట్టలు వలసవచ్చి ఆ వానపాములను తిన్నవి. పెద్ద వానపాములు పదునొకండు తిన్నచాలును, పిట్టకు ప్రాణాంతకము. పది పండ్రెండు నిమిషములలో అన్ని తినగల పిట్ట అది. మందు చల్లినది నిరుడు. పిట్ట చచ్చినది ఈ యేడు. నడుమ సంబంధము మామూలు కంటికి తోపదు. ఎల్మ్ చెట్లును దక్కలేదు.

పురుగులైన నశించినవా యనిన, అదియును లేదు. మందు తగిలిన పురుగులలో నూటికి ఒకటో రెండో చావక మిగులును. వాని సంతానమునకు ఆ మందు పనిచేయదు. 1950–51 చలికాలమున కొరియా యుద్ధభూమిలో సైనికులకు డి.డి.టి. పొడి చల్లగా పేలు తగ్గుటకు మాఱు పెరిగెను. మందు తిన్న దోమలు మందునకే అలవాటుపడుట రేచెల్ చెప్పిన తరువాతను అనేక దేశములలో కనబడెను. మన దేశమున మఱికొన్ని కారణములతోపాటు దీనివలనను మలేరియా తిరిగి రేగి 1976లో 64 లక్షల మందికి సోకెను. రోగము నరికట్టుటకు దాచుకొనవలసిన మందును పొలములపై వెదజల్లినచో, అవసరమైనప్పుడు అది పనికిరాకపోవునని ఆమె వాదము. పురుగుమందులను బొత్తిగా నిషేధింపుమని ఆమె ఎన్నడును కోరలేదు. ఏది, ఎంత, ఎచట, ఎవరి యెఱుకతో అనునదియే ఆమె ప్రశ్న. వేఱు మార్గములును ఆమె చూపెను: కరసావు ద్వీపములో పశువుల పుండ్లలో గ్రుడ్లు పెట్టు ఈగల నరికట్టుటకు 1954లో శాస్త్రజ్ఞులు మగ యీగలను లక్షలుగా పెంచి, వంధ్యములను గావించి విడువగా, మందుబొట్టు వాడకయే ఆ జాతి ద్వీపమున అంతరించెను.

ఆ నాలుగు సంవత్సరములును ఆమెకు కష్టకాలము. 1957లో పెంచిన అక్క కుమార్తె ఒకతె మరణింపగా, ఆమె కుమారుడైన అయిదేండ్ల రోజరును రేచెల్ దత్తు తీసికొన్నది. ఏబదియేండ్ల వయసున పసివానిని సాకవలసి వచ్చెను. 1958 డిసెంబరులో తల్లి మరియా చనిపోయెను. 1960 వసంతమున రేచెల్ రొమ్మున కంతి కనుపింపగా శస్త్రచికిత్స జరిగెను. అది క్యాన్సరని వైద్యుడు ఆమెతో చెప్పలేదు. ఆ రోజులలో స్త్రీలకు ఇట్టి సంగతి దాచుట వాడుక. ఆ యేటి చివర మఱియొక వైద్యుని ఆశ్రయించినప్పుడు గాని, వ్యాధి వ్యాపించిన దన్న నిజము ఆమెకు తెలియలేదు. పిమ్మట కంటిజబ్బు వచ్చి కొన్నివారములు చదువజాలకపోయెను. సహాయకురాలు గ్రంథపుటలను పైకి చదువగా, చెవితో విని దిద్దుకొన్నది. కీళ్ళు వాచి నడువలేని దినములును గడచెను. ఈ వ్యాధి సంగతి ఆమె ఒకరిద్దఱు ఆప్తులకు తప్ప ఎవ్వరికిని తెలియనీయలేదు. తెలిసినచో, తన రోగము మూలమున మందులపై పగబట్టి వ్రాసినదని ప్రతిపక్షులు ప్రచారము చేయుదురని ఆమె యెఱుగును.

1962 జూన్ నెలలో న్యూయార్కర్ పత్రికలో గ్రంథభాగములు వెలువడసాగెను. సెప్టెంబరు 27న పుస్తకము విపణికి వచ్చెను. పేరు నిశ్శబ్ద వసంతము. వసంతము వచ్చినను కూయుటకు పిట్ట లేని ఒక కల్పిత గ్రామముతో అది ఆరంభమగును. అమెరికాలో చలికాలమంతయు మూగవోయిన తోటలు వసంతమున పిట్టల కూతలతో మేల్కొనును గాన, ఆ పేరు అచటి పాఠకుల గుండెలకు సూటిగా తాకెను.

పుస్తకము అచ్చు కాకమునుపే పోరాటము మొదలయ్యెను. ఒక రసాయన సంస్థ ప్రకటనకర్తలపై దావా వేసెద మని బెదరించుచు ఉత్తరము వ్రాసెను. వారు ఆధారములను మఱల సరిచూపించుకొని, వెనుదీయక ప్రచురించిరి. మఱియొక సంస్థ, పురుగుమందులు లేని లోకము కఱవు కాటకములతో ఎట్లు పాడువడునో వర్ణించు హేళనరచన నొకటి వ్రాయించి పంచిపెట్టెను. ఆమెకు డాక్టరు పట్టము లేదనిరి. ఏ విశ్వవిద్యాలయమునను ఆచార్యురాలు కాదనిరి. పిట్టలను, పిల్లులను ముద్దుచేయు పిచ్చి స్త్రీ యనిరి. పెండ్లి లేనిదానికి రాబోవు తరముల చింత ఏల యనువారును లేకపోలేదు. ఆమె వాదమునకు సమాధానము దొరకనివారే యిట్టి మాటలకు దిగుదురు. ఆమె ఎవ్వరికిని పరుషముగా బదులు చెప్పలేదు.

ఆ యేడు ఆగస్టు 29న రాష్ట్రపతి కెనడీని విలేఖరులు ఈ మందులను గూర్చి ప్రశ్నించిరి. ప్రభుత్వము పరిశీలించుచున్నదని ఆయన చెప్పి, రేచెల్ గ్రంథమును ప్రస్తావించెను. వెంటనే రాష్ట్రపతి శాస్త్రసలహాసంఘము విచారణకు పూనుకొన్నది. 1963 ఏప్రిల్ 3న ఒక టెలివిజను సంస్థ ఈ వివాదముపై ఒక గంట కార్యక్రమము ప్రసారము చేసెను. ప్రకటనలిచ్చు వ్యాపారులలో కొందఱు ముందుగానే తప్పుకొనిరి. అయినను కోటిమందికి పైగా చూచిరి. ఒకవైపు తెల్లని అంగరకా తొడిగి, గొంతెత్తి, ఆమె మాట విన్నచో మానవజాతి చీకటియుగమునకు మరలునని హెచ్చరించు రసాయన సంస్థ ప్రతినిధి. రెండవవైపు తన యింటిలో కుర్చీపై కూర్చుండి, తగ్గుస్వరమున, ఒక్కొక్క విషయమును సాక్ష్యముతో చెప్పుచున్న సన్నని స్త్రీ. ఆమె అప్పుడు ఎంత జబ్బుతో నున్నదో చూచువారికి తెలియదు.

1963 మే 15న సలహాసంఘము నివేదిక వెలువడెను. పురుగుమందుల ఉపయోగమును అంగీకరించుచునే, చెడకుండ నిలుచు విషములను క్రమముగా మానవలెనని అది సూచించెను. రేచెల్ గ్రంథము వెలువడువఱకు ప్రజలకు ఈ మందుల విషస్వభావము తెలియదని ఒప్పుకొన్నది. జూన్ 4న ఆమె సెనేటు ఉపసంఘము ఎదుట సాక్ష్యము చెప్పుటకు వెళ్ళెను. కిరణచికిత్సవలన జుట్టు రాలిపోగా కృత్రిమ కేశములు ధరించియుండెను. విమానములనుండి మందు చల్లుటకు కట్టుబాటు లుండవలెననియు, ఎవని యింటిపై విషము పడునో వానికి ముందుగా తెలుపవలెననియు, తన యింట విషభయము లేక బ్రదుకుట పౌరుని హక్కుగా గుర్తింపవలెననియు, మందుల అనుమతి ఒక్క వ్యవసాయశాఖ చేతిలోనే యుండరాదనియు ఆమె కోరెను. పంట పెంచవలసిన శాఖయే మందు ప్రమాదమునకును తీర్పరి యగుట సరికాదని దీని భావము.

ఆ పిదప ఆమె పది నెలలు జీవించెను. 1964 ఏప్రిల్ 14న మేరీలాండులోని సిల్వర్ స్ప్రింగ్ పట్టణమున తన స్వగృహమున, ఏబదియారవ యేట మరణించెను. అస్థిభస్మములో కొంత తల్లి సమాధి ప్రక్కను పూడ్చిరి. మిగిలినది మెయిన్ తీరమున సముద్రగాలిలో విడిచిరి. అనాథయైన రోజరును ఆమె గ్రంథసంపాదకుడు పాల్ బ్రూక్సు తన యింట పెంచెను.

ఆమె కోరినవానిలో పెక్కు తరువాత జరిగెను. 1970 డిసెంబరులో అమెరికాలో పర్యావరణ రక్షణసంస్థ ఏర్పడి, పురుగుమందుల అనుమతి వ్యవసాయశాఖనుండి దాని చేతికి వచ్చెను. 1972లో ఆ సంస్థ డి.డి.టి.ని పంటలపై వాడుట నిషేధించెను. 1980లో ఆమెకు మరణానంతరము అమెరికా పౌరుల కిచ్చు అత్యున్నత పతక మిచ్చిరి. 2001లో స్టాక్‌హోమున పెక్కు దేశములు కూడి, చెడకుండ నిలుచు విషములను గూర్చి ఒడంబడిక చేసికొన్నవి. అది 2004లో అమలునకు వచ్చెను. అందు డి.డి.టి.ని వ్యాధిని మోయు దోమలు మొదలగువాని నరికట్టుటకు మాత్రము పరిమితము చేసిరి. ఇతర మార్గములు చాలని పేదదేశములు మలేరియా దోమలకై ఇండ్ల గోడలపై దానిని వాడుకొనవచ్చును.

డి.డి.టి. తిన్న పక్షులు పెట్టు గ్రుడ్ల పెంకులు పలుచబడి, తల్లి పొదుగుటకు కూర్చున్నంతనే చితుకునని ఆమె చనిపోయిన తరువాత శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అమెరికా రాజముద్రపై నుండు తెల్లతల గ్రద్ద ఇట్లే అంతరింపవచ్చినది. మందు ఆగిన పిమ్మట ఏటేట దాని గూళ్ళు పెరిగినవి. 2007లో ఆపదలో నున్న జాతుల పట్టికనుండి దాని పేరు తొలగించిరి. మెయిన్ తీరమున ఉప్పునీటి పచ్చికబయళ్ళను 1966లో పక్షుల రక్షణకై ప్రభుత్వము ప్రత్యేకించినది. కొన్నాళ్ళకు దానికి రేచెల్ కార్సన్ పేరు పెట్టిరి. వలసపోవు పక్షులు ప్రతియేటను రాకపోకలలో అచట దిగి, బురదలో మేత యేఱుకొని, అలసట తీర్చుకొని సాగిపోవును.